స్పీడ్ టెస్టులో 20 చూపిస్తోంది, మీటింగులో మాత్రం నా మాట తెగిపోతోంది. ప్లాన్ మార్చాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. బోడుప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కనెక్షన్. టెస్టులో డౌన్‌లోడ్ 20, అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ వస్తున్నాయి. రాత్రి ఏడు దాటాక మీరూ మీవారూ ఇద్దరూ అమెరికా క్లయింట్లతో మీటింగుల్లో ఉంటారు, అదే సమయంలో బాబుకి ఆన్‌లైన్ ట్యూషన్. అవతలివాళ్లు చెప్పేది మీకు బాగానే వినిపిస్తుంది, మీరు మాట్లాడేదే వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. ఆపరేటరేమో 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకోమంటున్నాడు.

ఇప్పుడే తీసుకోకండి. ఆఫీసు నెట్‌వర్కులు చూసుకునే ఉద్యోగంలో ఈ ఫిర్యాదు నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ప్లాన్ పెంచడం చివరి పని, మొదటి పని కాదు.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క వాక్యం: వాళ్ల మాట మీకు బాగుంది, మీ మాటే వాళ్లకి తెగుతోంది. అంటే కిందికి దిగే దారి బాగుంది, పైకి ఎక్కే దారి నిండిపోయింది. సినిమా చూడ్డానికి, యూట్యూబ్‌కి డౌన్‌లోడ్ చాలు కాబట్టి ప్లాన్ అమ్మేవాళ్లు ఆ అంకె ఒక్కటే చెబుతారు. వీడియో కాల్ అలా కాదు, ఎంత తీసుకుంటుందో దాదాపు అంతే పంపుతుంది కూడా.

లెక్క చూడండి. జూమ్ వాళ్లు చెప్పే ప్రకారం ఇద్దరి మధ్య కాల్‌లో 720పీ (హెచ్‌డీ) వీడియో పంపడానికి 1.2 ఎంబీపీఎస్ కావాలి. అంతకంటే ఒక మెట్టు తక్కువ వీడియోకి 600 కేబీపీఎస్ సరిపోతుంది. మాట ఒక్కటే అయితే 60 నుంచి 80 కేబీపీఎస్. మిగతా యాప్‌లు కూడా కొంచెం అటూ ఇటూగా ఇంతే. మీ ఇంట్లో రెండు 720పీ కాల్స్ అంటే 2.4, బాబు కెమెరాకి ఇంకో 0.6. మొత్తం 3. మీ అప్‌లోడ్ కూడా సరిగ్గా 3! అంటే ఎవరూ ఏమీ చేయకపోయినా దారి అంచుదాకా నిండి ఉంది. ఈ లోపు మీ ఫోను ఇంట్లో వై-ఫై దొరికింది కదా అని గూగుల్ ఫోటోస్ బ్యాకప్ మొదలుపెడుతుంది. 4 ఎంబీ ఫోటో ఒక్కటి 3 ఎంబీపీఎస్ లైనులో ఎక్కడానికి, లైను మొత్తం దానికే ఇచ్చినా, దాదాపు 11 సెకన్లు (ఎంబీపీఎస్ లెక్క బిట్లలో, ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు). ఆదివారం ఫంక్షన్‌లో తీసిన 200 ఎంబీ వీడియో అయితే తొమ్మిది నిమిషాలు. అంతసేపు మీ మాట ఆ వీడియోతో పాటు వరసలో నిలబడాలి.

నిలబడాలి అన్నది ఊరికే అన్న మాట కాదు. లైను నిండినప్పుడు రౌటర్ డేటాని వెంటనే పారేయదు, తన మెమరీలో పోగు చేసి వరసగా వదులుతుంది. చవక రౌటర్లలో ఈ వరస చాలా పొడుగ్గా ఉంటుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇసుక లారీల వెనక స్కూటీ ఇరుక్కున్నట్టు, మీ మాట మోసుకెళ్లే చిన్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఫోటోల పెద్ద ప్యాకెట్ల వెనక ఆగుతుంది. మాట డేటా చాలా చిన్నదే, దానికి వెడల్పు రోడ్డు అక్కర్లేదు. ఆగకుండా వెళ్లనిస్తే చాలు. ఈ జబ్బుని నెట్‌వర్క్ వాళ్లు బఫర్‌బ్లోట్ అంటారు. స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించే అంకె దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఆ అంకె చెప్పేది ఎంత డేటా వెళ్లిందనే కానీ ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు ఆగిందని కాదు.

మామూలుగా హైదరాబాద్ నుంచి ముంబైకో బెంగళూరుకో మాట్లాడేవాళ్లకి ఈ ఆలస్యం కొంత చెల్లిపోతుంది. మీకు చెల్లకపోవడానికి కారణం అమెరికా. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లలోపు పడితే సంభాషణ హాయిగా సాగుతుందని, 400 దాటితే పనికిరాదని అంతర్జాతీయ టెలికం సంఘం ఐటీయూ ఎప్పుడో చెప్పింది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి అమెరికా నేరుగా చూసినా సుమారు 13 వేల కిలోమీటర్లు, సముద్రం కింద కేబుళ్లు ఇంకా చుట్టూ తిరిగి వెళ్తాయి. అందుకే రానూపోనూ 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది, అంటే ఒకవైపుకి 100 పైన. మీకున్న 150లో పెద్ద భాగం సముద్రమే తినేసింది. దాన్ని ఎవరూ తగ్గించలేరు. మిగిలిన ఆ కాస్తని మీ ఇంట్లో రౌటర్ వరస తినేస్తే, మీరు మాట్లాడటం ఆపారనుకుని క్లయింట్ మాట్లాడటం మొదలుపెడతాడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ 'సారీ, గో అహెడ్' అనుకోవడం. ఈ సీన్ మన ఊళ్లో రోజూ రాత్రి ఎన్ని ఇళ్లలో నడుస్తుందో!

సరే, ఇది నా అంచనా. నిజమో కాదో ఈ రాత్రే తేల్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ విండోలు రెండు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్ అడ్రసుకి పింగ్ పెట్టండి, అంటే ping అని కొట్టి పక్కన అడ్రసు రాయడం, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చూపిస్తుంది. రౌటర్ అడ్రసు సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రెండోదాంట్లో గూగుల్‌దైన 8.8.8.8కి పెట్టండి. విండోస్ అయితే చివర హైఫన్, టీ అక్షరం చేరిస్తే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. మీటింగ్ జరుగుతుండగా ఈ రెండూ పక్కన పెట్టుకుని, మాట తెగిన క్షణంలో ఏది ఎగిరిందో చూడండి. రౌటర్ పింగే 3, 4 నుంచి 200కి ఎగిరితే తప్పు వై-ఫైది, ఆపరేటర్‌ని ఏమీ అనకండి. రౌటర్ పింగ్ నిలకడగా ఉండి గూగుల్‌ది మాత్రం 20, 30 నుంచి 500కి వెళ్తే లైను నిండిందన్నమాట, నేను చెప్పిన వరస అదే. లైనులో ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా మధ్యమధ్యలో 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వస్తుంటే బయట ఫైబర్‌లోనో ఆపరేటర్ దగ్గరో లోపం. కమాండ్లంటే భయమనుకుంటే ఫాస్ట్ డాట్ కామ్‌లో టెస్టు అయ్యాక మరిన్ని వివరాలు నొక్కండి. ఖాళీ లైను మీద లేటెన్సీ (ఆలస్యం), నిండిన లైను మీద లేటెన్సీ విడివిడిగా చూపిస్తుంది. రెండో అంకె మొదటిదానికి పదింతలు ఉంటే రోగం దొరికినట్టే.

వై-ఫై తప్పని తేలితే మందు సులువు, కాకపోతే ఎవరికీ ఇష్టం ఉండదు: కేబుల్ లాగడం. కంప్యూటర్ సామాను దొరికే సికింద్రాబాద్ సీటీసీలో గానీ కోఠి గుజరాతీ గల్లీలో గానీ క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ మీటర్ల లెక్కన కోసి, చివర్లకి ప్లగ్గులు క్రింప్ చేసి ఇస్తారు. అసలు రాగిదే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా అమ్ముతారు. గోడ తొలవక్కర్లేదు, తలుపు కింద నుంచి, గోడ అంచు వెంట టేపుతో పోనిచ్చినా చాలు. కేబుల్ అస్సలు కుదరదంటే రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వై-ఫై వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది నిజమే, కానీ అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అందులోనే అరుస్తుంటాయి. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లు 1, 6, 11 మూడే. మైక్రోవేవ్ అవెన్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా ఆ గాలిలోనే ఉంటాయి. అందుకే మీటింగ్‌కి వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడమంటాను. దానికి ఇంకో లాభం ఉంది. బ్లూటూత్‌లో మైకు ఆన్ అయితే చాలా హెడ్‌సెట్లలో వినికిడి క్వాలిటీ కూడా పడిపోతుంది.

ఫైబర్ తప్పైతే మీరు చేయగలిగింది ఆపరేటర్‌ని సరైన మాటలతో అడగడమే. 'నెట్ స్లో ఉంది' అంటే 'రీస్టార్ట్ చేయండి మేడమ్' అంటాడు. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌యూ డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అనో ఆప్టికల్ పవర్ అనో ఒక అంకె ఉంటుంది, మైనస్‌లో, డీబీఎం అని. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వస్తే చాలా డబ్బాలు అంచు మీద నడుస్తున్నట్టు, వానకో గాలికో లైను పోతూ వస్తూ ఉంటుంది. ఆ అంకె స్క్రీన్‌షాట్ తీసి పంపండి, మనిషి వస్తాడు. మన దగ్గర కేబుళ్లు కరెంటు స్తంభాల మీద ఎలా వేలాడుతుంటాయో తెలిసిందే. ఎక్కడో వంగి నలిగి ఉంటుంది, లేదా అతుకు సరిగ్గా పడి ఉండదు.

మీ విషయంలో నేను పందెం కాసేది మాత్రం అప్‌లోడ్ మీదే. దానికి ముందు ఎవరు తింటున్నారో చూడాలి. అందరి ఫోన్లలో ఫోటోల బ్యాకప్‌ని మీటింగ్ టైములో ఆపండి. ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ ఉంటే సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ స్పీడుకి హద్దు పెట్టుకోవచ్చు. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది, మీరు దించుకున్న అప్‌డేట్లని ఇతర కంప్యూటర్లకి మీ లైను మీద నుంచే పంచిపెట్టగలదు, దాన్ని ఆఫ్ చేయండి. ఇక చాలామంది మరిచిపోయేది గుమ్మం దగ్గర పెట్టిన సీసీ కెమెరా. క్లౌడ్‌లో రికార్డయ్యే రకమైతే అది రోజంతా అప్‌లోడే చేస్తుంటుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చండి, రిజల్యూషన్ తగ్గించండి.

ఇవన్నీ రోజూ ఎవరు చూసుకుంటారు అంటే, ఒకసారి ఖర్చు పెట్టి వదిలించుకునే దారి కూడా ఉంది. ప్యాకెట్ల వరసని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎమ్ అనే సౌకర్యం ఉన్న రౌటర్ ఒకటి ఆపరేటర్ డబ్బా వెనక పెట్టుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగే ఏ రౌటరైనా చాలు. అందులో అప్‌లోడ్‌ని మీకు నిజంగా వచ్చేదానిలో 85, 90 శాతానికి కట్టేయాలి, మీకైతే సుమారు 2.6. ఉన్నదే తక్కువైతే ఇంకా తగ్గించడమేంటి అనిపిస్తుంది. కిటుకు అక్కడే ఉంది. అలా తగ్గిస్తే వరస ఆపరేటర్ డబ్బాలో కాకుండా మీ రౌటర్‌లో ఏర్పడుతుంది. మీ రౌటర్ దాన్ని పొడుగు కానివ్వదు, ప్రతి కాల్‌కీ ప్రతి ఫోనుకీ వంతులు వేసి చిన్న ప్యాకెట్లని ముందుకి పంపుతుంది. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ఇద్దరూ కలిసి వరస పొడుగు కాకుండా చూసే కోడెల్ అనే పద్ధతి బయటపెట్టాక ఇది ఇళ్ల రౌటర్లలోకి వచ్చింది. ఇవాళ ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పేర్లతో కనిపించేవి దాని సంతతే. 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంట్లో ఇది చేసే మేలు, చాలాసార్లు 100 ప్లాన్ కూడా చేయదు.

ఇక యాప్ సెట్టింగ్స్. జూమ్‌లో వీడియో సెట్టింగ్స్‌లో హెచ్‌డీ టిక్కు తీసేయండి. గూగుల్ మీట్‌లో పంపే రిజల్యూషన్‌ని 360పీకి పెట్టండి. 720పీ బొమ్మలో ఉన్న చుక్కల్లో సరిగ్గా నాలుగో వంతే 360పీలో ఉంటాయి, కానీ అవతలివాళ్ల తెర మీద చిన్న డబ్బాలో కనపడే మీ ముఖానికి తేడా ఎవరికీ తెలియదు. డౌన్‌లోడ్ ఇబ్బంది ఉన్నవాళ్లయితే గ్యాలరీ వ్యూ మానేసి మాట్లాడేవాళ్లే కనిపించే వ్యూ పెట్టుకోవాలి. జూమ్, టీమ్స్ రెండింటిలోనూ లోపలికి వచ్చే వీడియోలన్నీ ఆపేసే బటన్ ఉంది. బాబు ట్యూషన్‌లో సార్ కెమెరా తప్పనిసరి అనకపోతే, ఆ కెమెరాని హాజరు వేయించుకుని ఆపేయమనండి.

కెమెరా ఆపడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బొమ్మ పోతే మీటింగ్ నడుస్తుంది, మాట పోతే మీటింగే లేదు. మొదటి రెండు నిమిషాలు కనపడి పలకరించి, 'బ్యాండ్‌విడ్త్ కోసం కెమెరా ఆపుతున్నాను' అని చెబితే ఏ క్లయింటూ నొచ్చుకోడు. నొచ్చుకునేది, మీరు చెప్పిందే నాలుగోసారి అడగాల్సి వచ్చినప్పుడు.

కెమెరా ఉంచాల్సిందే అంటే వెలుతురు చూసుకోండి. ఇది అందం కోసం చెప్పట్లేదు. చీకటి గదిలో కెమెరా బొమ్మ నిండా గింజలు గింజలుగా చుక్కలు కదులుతుంటాయి, వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్ వాటిని కూడా కదలిక అనుకుని వాటి మీద బిట్లు ఖర్చు పెడుతుంది, మీ ముఖానికి మిగలవు. ట్యూబ్‌లైటు మీ వెనక కాకుండా ముందు ఉండేలా కూర్చోండి. వెనక సాదా గోడ ఉంటే మంచిది, తిరిగే టేబుల్ ఫ్యానూ ఊగే కర్టెనూ ఫ్రేములో వద్దు. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పాత ల్యాప్‌టాప్‌ని వేడెక్కిస్తుంది. మన మే నెలలో ఆ వేడికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటే, నెట్ బాగున్నా వీడియో ఆగుతుంది. మనమేమో నెట్‌ని తిడతాం.

స్క్రీన్ షేర్‌లో కదలని స్లైడ్‌కి దాదాపు ఏమీ ఖర్చు కాదు. యానిమేషన్లు, గబగబా స్క్రోల్ చేయడం, పెద్ద మానిటర్ మొత్తం షేర్ చేయడం, ఇవే బరువు. విండో ఒక్కటే షేర్ చేయండి, వీలైతే ఫైలు ముందే మెయిల్ చేసి పేజీ నంబర్లు చెబుతూ మాట్లాడండి.

మీవారి ల్యాప్‌టాప్‌లో కంపెనీ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి) ఉందని రాశారు కదా, అది విడిగా చూడాలి. చాలా కంపెనీల్లో ల్యాప్‌టాప్ ట్రాఫిక్ మొత్తం వీపీఎన్‌లో అమెరికా ఆఫీసుకి వెళ్లి, అక్కడి నుంచి మీటింగ్ సర్వర్‌కి వెళ్తుంది. హైటెక్ సిటీలో కూర్చున్న టీమ్‌మేట్‌తో మాట్లాడినా మాట అమెరికా చుట్టి వస్తుందన్నమాట. జూమ్‌కి హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ ఉంది, ఉండి ఏం లాభం? పైగా కొన్ని వీపీఎన్‌లు అంతా టీసీపీ అనే డేటా పంపే పద్ధతిలో చుట్టి పంపుతాయి. టీసీపీ పోయిన ప్యాకెట్‌ని మళ్లీ తెప్పించేదాకా వెనకవాటిని ఆపుతుంది. మాటకి అది పనికిరాదు, ఆలస్యంగా వచ్చిన అక్షరం రాకపోయినా ఒకటే. అందుకే మీటింగ్ యాప్‌లు పోయినదాని కోసం ఆగని యూడీపీ పద్ధతి వాడతాయి. ఐటీ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టి 'మీటింగ్ మీడియాకి స్ప్లిట్ టనెలింగ్ ఇవ్వండి' అని, అంటే మీటింగ్ డేటాని వీపీఎన్‌లో కాకుండా నేరుగా వెళ్లనివ్వమని, అడగమనండి. టీమ్స్‌కి ఇలాగే చేయమని మైక్రోసాఫ్టే చెబుతుంది, యూడీపీ 3478 నుంచి 3481 దాకా పోర్టులు తెరిచి ఉండాలని కూడా. భద్రత కారణంగా కుదరదంటే చేసేదేమీ లేదు, కానీ అడగకుండా ఎవరూ ఇవ్వరు.

లైను పూర్తిగా పోయే రోజుల కోసం వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను సిద్ధంగా పెట్టుకోండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు మీ వైపు ఎంత గొడవైందో మీకే బాగా తెలుసు. ఫోన్ నెట్ వాడేటప్పుడు హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ మేలు, మధ్యలో వై-ఫై గొడవ ఉండదు, ఛార్జింగూ ఎక్కుతుంది. ఫోనుని కిటికీ దగ్గర పెట్టండి. టవర్ గట్టిగా అరవగలదు, మీ ఫోను పంపే శక్తి మాత్రం 4జీలో 200 మిల్లీవాట్లకి మించదు. అందుకే గోడల మధ్య ముందుగా దెబ్బతినేది మళ్లీ అప్‌లోడే. 600 కేబీపీఎస్ చొప్పున రెండు వైపులా నడిచే కాల్ గంటకి 540 ఎంబీ తింటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మూడు గంటలు కూడా రాదు.

ఊళ్లో అత్తమ్మవాళ్లతో వాట్సాప్ కాల్ సంగతి కూడా ఇంతే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ ఉంది, రెండు వైపులా ఆన్ చేయండి. వాళ్లని వాకిట్లోకి వచ్చి మాట్లాడమనండి. ప్యాక్ అయిపోయి 64 కేబీపీఎస్‌కి పడిపోయినా ఆడియో కాల్ నడుస్తుంది. మాటని కుదించే ఓపస్ అనే కోడెక్ 24 కేబీపీఎస్‌లో మాటని శుభ్రంగా పంపగలదు, ప్యాకెట్ల పైన చుట్టే హెడర్లకి ఇంకో 16 వేసుకున్నా 40.

కరెంటు పోతే ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే, 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. ఓఎన్‌యూ, రౌటర్ వేర్వేరు డబ్బాలైతే రెండిటికీ కావాలి.

ఇక ప్లాన్. పైవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు మార్చండి, కానీ ఆపరేటర్‌ని అడగాల్సింది 100 గురించి కాదు. 'అప్‌లోడ్ ఎంత, రాత్రి తొమ్మిదికి ఎంత, నెలలో డేటా హద్దు దాటాక రెండూ ఎంతకి పడిపోతాయి' అని అడగండి. డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 5 అంటే వద్దనండి. రెండు వైపులా 30 ఇచ్చే ప్లాన్ దొరికితే, అది 100 కన్నా పది రూపాయలు ఎక్కువైనా సరే, మీ ఇంటికి అదే సరైనది. మాట ఇచ్చాడు కదా అని ఏడాదికి ఒకేసారి కట్టకుండా మొదట ఒక నెలకి తీసుకుని, మీటింగుల టైములోనే పింగ్ పెట్టి చూసుకోండి.